ఆర్పేసిన లైటు, పీకేసిన రేకు

నేను పనిలో చేరిన రోజుల్లో పెట్రోలు ఇంజన్ ఆరోగ్యాన్ని ముక్కుతో చెప్పేవాళ్లం. పొగ గొట్టం వెనక నిలబడితే కళ్లు మండాయా, పెట్రోలు ఎక్కువ పోతోంది. నీలి పొగ వచ్చిందా, ఆయిల్ కాలుతోంది. ఇప్పటి టర్బో పెట్రోలు కారు వెనక ఎంతసేపు నిలబడినా ముక్కుకి ఏమీ తెలియదు. అలా తెలియకుండా చేయడానికి ఆ గొట్టంలోనూ, దాని చుట్టూ బోలెడంత సామాను పెట్టారు. ఆ సామాను చెడిపోయి నా దగ్గరికి వచ్చిన కార్లలో చాలావాటిని చెడగొట్టింది వర్క్‌షాపు వాళ్లే. తెనాలిలో ఒక కార్ల కంపెనీ డీలరు దగ్గర సర్వీసు మేనేజరుగా పనిచేసి బయటికి వచ్చాను కాబట్టి ఈ మాట చెప్పే హక్కు నాకుందనుకుంటాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు చదివితే చాలు. పాతవాళ్లకు ఇందులో ఉన్నదంతా తెలుసు. తెలిసే చేస్తున్నారు.

ఇంటిపేరు

మాది వేమూరు పక్కన ఒక ఊరు. ఒకప్పుడు కృష్ణ గట్టు దాకా మా ఇంటిపేరు చెబితే లేచి కుర్చీ వేసేవారు. మా తాతగారి చేతిలో ఉన్న భూమి మా నాన్నగారి చేతికి వచ్చేసరికి కోర్టు వాయిదాలుగా మారింది. నా చేతికి ఇంటిపేరు ఒక్కటే వచ్చింది. ఆటోమొబైల్ డిప్లొమా చదివి వర్క్‌షాపులో చేరినప్పుడు మా మేనత్త, "మన ఇంట్లో కారు తుడిచేవాడికి కూడా వేరే మనిషి ఉండేవాడురా" అంది. ఆ మనిషి ఎక్కడున్నాడో తెలిస్తే నాకు పని నేర్పమని అడుగుతానని చెప్పాను. ఆవిడ మళ్లీ నాతో మాట్లాడలేదు.

చొక్కాకి గంజి పెట్టించుకుని పనికి వెళ్లేవాణ్ని. కస్టమరు ఇచ్చే టీ తాగేవాణ్ని కాదు. కుర్రాళ్లు వెనక ఏమనుకునేవారో నాకు తెలుసు. మా యజమాని శేషగిరి గారు మాత్రం ముఖం మీదే అనేవారు. ఆయన నన్ను పేరుతో ఎప్పుడూ పిలవలేదు. "దివాణం గారూ" అని పిలిచేవారు. మొదట్లో అది మర్యాద అనుకున్న కొత్త కుర్రాళ్లు కూడా నన్ను అలాగే పిలవబోతే, వాళ్లకు అర్థం చెప్పాల్సి వచ్చేది.

గొట్టంలో ఏముంది

ఇంజన్‌లో కాలిన వాయువు ముందు, ఇంజన్‌లోకి గాలి ఎక్కించే టర్బోని తిప్పుతుంది. తర్వాత కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళుతుంది. పైకి చూస్తే అది ఉబ్బిన డబ్బాలా ఉంటుంది. కోసి చూస్తే లోపల తేనెపట్టులాంటి పింగాణీ గూళ్లు, వాటి గోడలకి ఖరీదైన లోహాల పూత ఉంటాయి. విషవాయువులు ఆ గూళ్లలోంచి పోతూ చాలావరకు విషం కానివిగా మారతాయి. దానికి ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనకొక సెన్సర్ ఉంటాయి. పెట్రోలు, గాలి పాళ్లు సరిగా ఉన్నాయా అని ముందుది చూస్తుంది. కన్వర్టర్ తన పని చేస్తోందా అని వెనకది చూస్తుంది. రెండూ కంప్యూటర్‌కి చెబుతూనే ఉంటాయి.

కన్వర్టర్ చల్లగా ఉంటే పనిచేయదు. అందుకే పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ కాసేపు గట్టిగా తిరుగుతుంది. అది రోగం కాదు, కన్వర్టర్‌ని వేడెక్కించడం. "రయ్యిమంటోందండి, తగ్గించండి" అని వచ్చేవారు. తగ్గించకూడదు.

నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజన్లలో మసి ఎక్కువ. కొన్ని కార్లకు ఆ మసిని పట్టే జల్లెడ కూడా పెడుతున్నారు. ఆ మసి కాలాలంటే కారు బాగా వేడెక్కాలి, ఆ వేడి మీద రోడ్డున వెళుతూ అప్పుడప్పుడూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. అప్పుడు లోపలికి వెళ్లే వట్టి గాలితో మసి కాలిపోతుంది. గంగానమ్మపేట నుంచి మార్కెట్‌కి, మార్కెట్ నుంచి ఇంటికి తిరిగే కారులో అది ఎప్పటికీ కాలదు. అలాంటి వాళ్లకు నేను చెప్పే మందు, వారానికోసారి బాపట్ల దాకా వెళ్లి సముద్రం చూసి రమ్మని. నవ్వేవారు. వెళ్లినవాళ్ల కార్లు బాగున్నాయి.

ఇంకొకటి బంకు దగ్గర జరుగుతుంది. గన్ను దానంతటదే ఆగిపోయాక కూడా "రౌండ్ ఫిగర్ చెయ్యి బాబూ" అంటాం. ట్యాంకులోంచి లేచే పెట్రోలు ఆవిరి గాల్లో కలవకుండా పీల్చుకోవడానికి బొగ్గు నింపిన డబ్బా ఒకటి ఉంటుంది. అది ఆవిరి తాగడానికే. గొంతు దాకా నింపితే అందులోకి పెట్రోలే దిగుతుంది. తర్వాత పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ కారు స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంది. చేబ్రోలు నుంచి వచ్చే ఒక లెక్కల మాస్టారికి ఆ డబ్బా రెండుసార్లు మార్చాం. "చిల్లర లెక్క నాకు నచ్చదండి" అన్నారాయన. లెక్కల మాస్టారే ఆ మాటంటే నేనేం చెప్పను?

ఆయిల్ సంగతి కూడా చెప్పాలి. పుస్తకంలో ఏ రకం రాశారో అదే పోయాలి. టర్బో బేరింగు ఆ ఆయిల్ మీదే తిరుగుతుంది, రకం తప్పితే ఆయిల్ మాడి గట్టిపడుతుంది. కాలిన ఆయిల్‌లోని రసాయనాలు కన్వర్టర్ గూళ్లకు పొరలా పట్టేస్తాయి. అన్ని కార్లకూ ఒకే డ్రమ్ములోంచి పోసే వర్క్‌షాపులో చేరితే, వేరే పని వెతుక్కోండి.

చుక్కల పాలన

కారు ఇచ్చిన మర్నాడు కంపెనీ వాళ్లు కస్టమరుకి ఫోన్ చేసి, సర్వీసుకి ఎన్ని చుక్కలు, అంటే స్టార్లు, ఇస్తారని అడుగుతారు. శేషగిరి గారికి చుక్కలే ప్రాణం. వచ్చిన ఫిర్యాదు పోవాలి, ఎలా పోయిందన్నది ఆయనకు అక్కర్లేదు. డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలిగితే, స్కానర్ పెట్టి కంప్యూటర్ రాసుకున్న లోపాన్ని చెరిపేయడం ఆయన నేర్పిన విద్య. చెరిపితే లైటు ఆరుతుంది. మళ్లీ వెలిగేలోగా ఫోన్ వచ్చి చుక్కలు పడిపోతాయి.

రెండో విద్య రేకు పీకడం. కన్వర్టర్ ఎర్రగా కాలే వస్తువు. దాని వేడి నేలమీద చెత్తకీ, కారు అడుగుభాగానికీ తగలకుండా చుట్టూ పల్చటి హీట్ షీల్డు ఉంటుంది. కుర్రాళ్లు దాన్ని రేకు అంటారు. మన వైపు ఉప్పుగాలికి దాని బోల్టులు తుప్పు పడతాయి, రేకు గలగలమంటుంది. సరిగా చేయాలంటే కొత్త బోల్టులు వేసి బిగించాలి. పీకేస్తే ఇంకా త్వరగా చప్పుడు పోతుంది.

నేను ఒకసారి ఆయన గదికి వెళ్లి అడిగాను.

"రేకులు ఎందుకు పీకిస్తున్నారండీ?"

"చప్పుడు పోతోంది కదా."

"కన్వర్టర్ బయటికి కనిపిస్తోంది."

"కనిపిస్తే ఏంటి, ఆడపిల్లా?" అని నవ్వారు. "దివాణం గారూ, మీ తాతగారు పల్లకీలో తిరిగారు, ఏ చప్పుడూ లేదు. మన కస్టమర్లు కార్లలో తిరుగుతారు. వాళ్లకి చప్పుడు ఉండకూడదు."

ఇలాంటి యజమాని దొరికితే మీరేం చేస్తారో నాకు తెలియదు. నేను నా చేతి కిందికి వచ్చిన కార్లకు రేకు వేయించి పంపాను. మిగతావి ఆయన ఇష్టం.

కోటేశ్వరరావు గారి కారు

రేపల్లెలో రొయ్యల మేత వ్యాపారం చేసే కోటేశ్వరరావు గారిది మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు కారు. మినుము పీకే రోజుల్లో వర్క్‌షాపుకి తెచ్చారు. ఇంజన్ వణుకుతోంది, లైటు ఆరుతూ వెలుగుతోంది, కింద రేకు చప్పుడు. లైటు నిలకడగా వెలిగితే వెసులుబాటు ఉంటుంది. ఆరుతూ వెలుగుతుంటే కారు నడపకూడదు. ఒక సిలిండర్‌లో నిప్పురవ్వ పడక, కాలని పెట్రోలు నేరుగా వెళ్లి కన్వర్టర్‌లో కాలుతోందని దాని అర్థం. ఆ కారు కంప్యూటర్ తెలివైనది. ఆ సిలిండర్‌కి పెట్రోలు ఆపేసి, రెండింటి మీదే లాక్కొచ్చింది.

చూసి చెప్పాను. నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ పోయింది, విజయవాడ నుంచి రావాలి, అప్పటిదాకా కారు ఇక్కడే ఉండాలి. ఆయన ముఖం చిన్నబోయింది. బావమరిది ఇంట్లో నిశ్చితార్థం ఉందట. ఈలోగా బాపట్ల దగ్గర రోడ్డు మీద ఆగిపోయిన ఒక కారు కోసం శేషగిరి గారు నన్ను పంపించారు. తిరిగి వచ్చేసరికి కోటేశ్వరరావు గారి కారు లేదు. దాని రేకు గోడకి ఆనించి ఉంది.

లైటు చెరిపేశారు. చెరిపినప్పుడు కంప్యూటర్ పాత సంగతి మరిచిపోతుంది, ఆపేసిన సిలిండర్‌కి మళ్లీ పెట్రోలు పంపుతుంది. అంటే మావాళ్లు రోగం కప్పిపెట్టడమే కాదు, కన్వర్టర్‌కి పెట్రోలు తాగించి, మీద ఉన్న ఒక్క అడ్డూ తీసి పంపించారు.

వెంటనే కోటేశ్వరరావు గారికి ఫోన్ చేశాను.

"కారు ఆపేయండి. నేను మనిషిని పంపిస్తాను."

"ఏంటండి మీ గొడవ? బాగైందని మీ ఓనరు గారే తాళం చేతిలో పెట్టారు. లైటు కూడా లేదు."

"లైటు ఆర్పారండి, బాగు చేయలేదు."

"మీలో మీరు తేల్చుకుని చెప్పండి. సోమవారం తెస్తాలెండి" అని పెట్టేశారు.

సోమవారం దాకా ఆ కారు ఉండలేదు. మర్నాడు పెనుమూడి రోడ్డు మీద కాలిపోయింది.

మన వైపు పరిచయం లేనివాళ్ల కోసం ఒక మాట. వరి కోశాక అదే చేలో మినుము వేస్తారు. మొక్కలు ఎండాక పీకి, ఆ మినప కట్టెని తారు రోడ్డు మీద పరుస్తారు. బస్సులు, లారీలు, కార్లు తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుంది. నూర్పిడి కూలి మిగులుతుంది. అది తప్పని అందరికీ తెలుసు, అందరూ చేస్తారు. ఆ రోజు పరిచిన కట్టె దానియేలు అనే కౌలు రైతుది. కారు దాని మీదుగా నెమ్మదిగా పోతుంటే ఎండిన తీగలు అడుగున చుట్టుకున్నాయి. పొగ చూసి కోటేశ్వరరావు గారు, ఆయన భార్య దిగిపోయారు. కారుతోపాటు దానియేలు మినుమంతా బూడిదైంది.

పాలకేంద్రం వరండా

రెండు రోజులకు పెనుమూడి వైపు దానియేలు వాళ్ల ఊరి పాలకేంద్రం వరండాలో పెద్దమనుషులు కూర్చున్నారు. కోటేశ్వరరావు గారి మాట సూటిగా ఉంది. రోడ్డు మీద నిప్పంటుకునే సరుకు పరిచింది దానియేలు కాబట్టి కారు నష్టం అతనే కట్టాలి, లేకపోతే పోలీసు కేసు. కేసంటే దానియేలు కౌలు భూమి కూడా పోతుంది. పొలం యజమాని గుంటూరులో ఉంటాడు, తగాదా ఉన్నవాడికి భూమి ఇవ్వనని ముందే చెప్పి పంపాడు.

శేషగిరి గారు నన్ను తన కారులో తీసుకెళ్లారు. దారిలో చెప్పారు.

"మీరు ఒక్క మాట చెబితే చాలు. ఈ కట్టె మీద ఏ కారు పోయినా కాలుతుందని."

"ఏ కారు పడితే ఆ కారు కాలదండీ."

"మీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్లకి తెలియదుగా. అక్కడ మీ ఇంటిపేరు ఇంకా నడుస్తోంది దివాణం గారూ, అందుకే మిమ్మల్ని తీసుకెళ్తున్నా. నేను చెబితే వ్యాపారం అంటారు. మీరు చెబితే మాట అంటారు."

ఇన్నేళ్లలో ఆయన నా గురించి అన్న మాటల్లో నిజమైనది అదొక్కటే.

నేను వెళ్లగానే ఒక పెద్దాయన నిజంగానే లేచి, "రండి బాబుగారూ, మీ తాతగారి దగ్గర మా నాన్న పనిచేశాడండి" అని కుర్చీ వేశాడు. కూర్చున్నాను. దానియేలు కూర్చోలేదు. స్తంభానికి ఆనుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ల ముఖం చూస్తున్నాడు. మాట్లాడింది అతని భార్య మరియమ్మ.

"కార్లు తొక్కుతాయనే గదండీ రోడ్డు మీద ఏసేది. మా మామ కాలం నుంచీ ఏస్తన్నాం. ఒక్క కారు కాలిందేమో చెప్పమనండి. మా కట్టె కొత్తగా పెట్రోలు తాగి పుట్టిందా?"

కొందరు నవ్వారు. కోటేశ్వరరావు గారు, "నోరు తగ్గించమ్మా. పోయింది నా కారు" అన్నారు.

"మా మినుములు ఊరికి పోయినయ్యా బాబూ, మళ్లీ వస్తానికి?" అంది ఆమె.

పెద్దమనుషులు నా వైపు చూశారు. మరియమ్మ అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న అని చెప్పాను. ఎన్నో కార్లు పోయిన కట్టె మీద ఈ కారే ఎందుకు కాలింది? కన్వర్టర్ ఏమిటో, అందులో పెట్రోలు కాలితే ఎంత వేడి పుడుతుందో చెప్పాను. కారు ఆపమన్న లైటుని మా వర్క్‌షాపులో ఆర్పేశారని, వేడి తగలకుండా ఉండే రేకుని మా వర్క్‌షాపులోనే పీకేశారని చెప్పాను. రేకు ఇంకా మా గోడకి ఆనించి ఉందని, కావాలంటే వెళ్లి చూడమని చెప్పాను. రోడ్డు మీద కట్టె పరచడం కూడా తప్పేనని, అది దానియేలు ఒక్కడిదే కాదు, వరండాలో కూర్చున్న అందరిదీ అని చెప్పాను. ఆ చివరి మాట ఎవరికీ నచ్చలేదు.

కోటేశ్వరరావు గారు తన కుర్చీ శేషగిరి గారి వైపు తిప్పుకున్నారు. "ఆ రోజు ఈయన కారు ఆపమన్నాక మీకు ఫోన్ చేస్తే, ఆయన చాదస్తం, పట్టించుకోకండి అన్నారు కదండీ మీరు" అన్నారు.

శేషగిరి గారు కారు తాళం తిప్పుతూ లేచారు. నా పక్కగా పోతూ, "బస్సులో రండి" అన్నారు.

దానియేలు మీద కేసు పెట్టలేదు. కారు గొడవ కోటేశ్వరరావు గారికీ శేషగిరి గారికీ మధ్యకి మళ్లి, వాళ్లిద్దరూ వ్యాపారస్తులు కాబట్టి ఎక్కడో రాజీ పడింది. ఇద్దరి మాటల్లోనూ దానియేలు మినుముల ఊసు లేదు. ఆ నెల దాటకుండానే నాకు శాలువా కప్పి, రిటైర్మెంట్ అన్నారు. శాలువా అక్కడే కుర్చీ మీద పెట్టి వచ్చాను. చుక్కలు ఇంకా వస్తున్నాయట, లైట్లు ఇంకా ఆరుతున్నాయట.

చెప్పదలచుకున్నది

నిజం చెబితే గౌరవం పెరుగుతుందని మీకెవరైనా చెబితే నమ్మకండి. నాకు పెరగలేదు. వేరే డీలర్లు నన్ను పిలవడం మానేశారు. అయినా స్కానర్ మీ చేతిలో ఉన్నప్పుడు, చెరిపే ముందు చదవండి. లైటు ఆరుతూ వెలుగుతుంటే తాళం ఇవ్వకండి, అవతల ఉన్నది ఎవరి నిశ్చితార్థమైనా సరే. రేకు తీస్తే తిరిగి బిగించేదాకా కారు కిందికి దింపకండి. కన్వర్టర్ ఖాళీ చేసి, వెనక సెన్సర్‌ని మోసగించి పంపేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఈ మధ్య రేపల్లె స్టేషన్ దగ్గర దానియేలు కనిపించాడు. మేత బస్తాలు లారీకి ఎక్కిస్తున్నాడు. కేసు లేకపోయినా పొలం యజమాని కౌలు వేరేవాళ్లకు ఇచ్చేశాడట. రోడ్డు మీద గొడవలు చేసే మనిషని పేరు పడిపోయిందట. నన్ను చూసి తువ్వాలు భుజం మీంచి తీశాడు. తీయవద్దన్నాను.

"ఆ రోజు మీరు చెప్పకపోతే నేను జైల్లో ఉందునండి" అన్నాడు. కృతజ్ఞతలా లేదు, ఫిర్యాదులా కూడా లేదు. తువ్వాలుతో మెడ తుడుచుకుని అడిగాడు.

"బాబుగారూ, అడుగుదామని అప్పట్నించీ అనుకుంటన్నా. ఆ రేకు మళ్లీ బిగించాలంటే చానా పనా అండి?"

"నాలుగు బోల్టులు."

"ఎంతసేపు పడద్దండి?"

"టీ తాగేంత సేపు."

"అంతేనా అండి" అన్నాడు. లారీ మీదనుంచి ఎవరో కేకేశారు. దానియేలు తువ్వాలు మడిచి నెత్తిన పెట్టుకుని, తర్వాతి బస్తా కిందికి వంగాడు.